ఎర్ర దారం దాకా

మా బావగారు జిలే సింగ్ పదకొండేళ్ళపాటు నా ముఖం చూడలేదు, నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేను మాత్రం ఆయన్ని ముసుగులోంచి రోజూ చూస్తాను. ఆయన అరుగుమీద దగ్గితే ఆ రోజు హుక్కా ఎన్నిసార్లు నింపించుకున్నాడో చెప్పగలను. ఆయనకు నా గురించి తెలిసిందల్లా నా గాజుల చప్పుడు, నా చేతి రొట్టె. దాన్ని మా వైపు మర్యాద అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. అప్పుడూ మండేది, కాకపోతే అప్పుడు పైకి అనేదాన్ని కాదు.

మా ఇంట్లో నాలుగు ముర్రా గేదెలున్నాయి. వాటి పేడ నాది, మేత నాది, పాలు తీయడం నాది, ఏది ఎదకొచ్చిందో కనిపెట్టడం నాది. పేరు మాత్రం బావగారిది. జింద్ సంతలో ఎవరిని అడిగినా 'జిలే సింగ్ గేదెలు' అంటారు తప్ప 'బీర్మతి గేదెలు' అన్న మానవుడు లేడు. మా ఆయన సత్బీర్ లారీ తోలతాడు. నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉంటాడు, ఆ నాలుగు రోజులూ అన్న ముందు తలెత్తడు. మా తోడికోడలు పోయి ఆరేళ్ళయింది. ఇక మిగిలింది అత్త అంగూరీ.

అత్తే నాకూ బావగారికీ మధ్య టెలిఫోను. ఆయనకు ఏదైనా చెప్పాలంటే నేను అత్తకు చెప్పాలి, అత్త ఆయనకు చెప్పాలి. ముగ్గురం ఒకే వాకిట్లో, నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నా ఇదే పద్ధతి. నా మాట ఆయన చెవిన పడుతుందో లేదో తెలియదు. పడనట్టు నిలబడి, అత్త నోటి నుంచి వింటాడు. అత్త నోట్లో పడ్డ నా మాట బయటికి వచ్చేసరికి సగం నానిపోయి వస్తుంది. నేను 'వద్దు' అంటే ఆవిడ 'వద్దేమో' అంటుంది.

ఈ గొడవంతా లాడో గురించి. లాడో మా పడ్డ. పుట్టిన తొమ్మిదో రోజున దాని తల్లిని గడ్డివామి దగ్గర పాము కరిచింది. ఇంకో గేదె పాలు గిన్నెలో పోసి, నా వేళ్ళు అందులో ముంచి, దాని నోట్లో పెట్టి తాగడం నేర్పింది నేను. నెల రోజులు నా కుడిచేతి వేళ్ళు నానిపోయి తెల్లగా ఉండేవి. తల్లి పాలు తొమ్మిది రోజులే దక్కాయి కాబట్టి దాని ఎదుగుదల కొంచెం నెమ్మది. కళ్ళు మాత్రం చురుకు. నేను వాకిట్లోకి వస్తే ముసుగు ఎంత కిందికి లాగినా నన్ను గుర్తుపట్టి ముక్కు ఎగరేసేది.

మా అమ్మ నా పెళ్ళిలో నాకొక ఆకుపచ్చ నూలు ఓణీ ఇచ్చింది. దాని ఒక అంచు నుంచి తొమ్మిది జానల దగ్గర ఎర్ర దారంతో అడ్డంగా ఒక కుట్టు కుట్టింది. మా పుట్టింటివైపు ఆడవాళ్ళ ఓణీలన్నిటికీ ఆ కుట్టు ఉంటుంది. పడ్డ ముందుకాళ్ళ వెనక, ఛాతీ చుట్టూ ఓణీ చుట్టి చూస్తాం. అంచు వచ్చి ఎర్ర దారాన్ని తాకితే ఒళ్ళు వచ్చినట్టు. నోరు తెరిచి చూస్తే కింది వరసలో రెండు పాలపళ్ళు పోయి వాటి చోట రెండు పెద్ద పళ్ళు ఉండాలి. "రెండూ వస్తేనే చూడి కట్టించు బీర్మతీ, ఒకటొచ్చింది కదా అని తొందరపడకు," అని అమ్మ నా పెళ్ళినాడు చెప్పింది. నా పెళ్ళికి నాకెన్నేళ్ళో మాత్రం ఆవిడ కూడా లెక్క చూసుకోలేదు. పదహారు.

లాడోకి నాలుగు నెలలు నిండినప్పటి నుంచి ప్రతి అమావాస్యనాడు, మగవాళ్ళు వాకిట్లో లేని వేళ చూసి, తలమీది ఓణీ తీసి లాడోకి చుట్టేదాన్ని. ఎంత వరకు వచ్చిందో అక్కడ చిన్న ముడి వేసేదాన్ని. పందొమ్మిది నెలలకు పదిహేను ముడులున్నాయి, ఎర్ర దారానికి ఇంకా జానెడు మీద నాలుగు వేళ్ళు దూరం. ఏడాది ఆగితే తాకుతుందని నా అంచనా. నాకు తొందర లేదు, లాడోకీ లేదు.

తొందరంతా బావగారిది. రచ్చబండ దగ్గర హుక్కా తాగుతూ పక్కింటి ధర్మపాల్‌తో పందెం లాంటిది కట్టాడు. ధర్మపాల్ పడ్డ మూడేళ్ళకు ఈనిందట, దానికే వాడు ఊరంతా బెల్లం పంచాడట. "మా పడ్డ రెండున్నరేళ్ళు నిండకముందే ఈనుతుంది. అదీ సూబేదార్ దూడని," అన్నాడట మావాడు. సూబేదార్ అంటే పక్క జిల్లాలో ఒకాయన పెంచే దున్నపోతు. పదమూడు క్వింటాళ్ళుంటుందని చెప్పుకుంటారు. దాని బొమ్మ టీ కొట్లలో కేలెండర్ల మీద కూడా ఉంటుంది.

మాఘమాసం, పొగమంచు ఇంకా విడలేదు. రామ్‌మెహర్ మోటారుసైకిలు వెనక, సూబేదార్ వీర్యం ఉంచిన నైట్రోజన్ డబ్బా కట్టుకుని వచ్చాడు. పశువులకు చూడి సూదులేసేది అతనే. వరసకు నాకు మరిది. బావగారు లేనప్పుడు అతనితో పరాచికాలాడతాను, దబాయిస్తాను కూడా. బావగారు ఉన్నచోట మాత్రం అతనితోనైనా సరే నా గొంతు పైకి రాకూడదు. అంతకు పది రోజుల ముందే బావగారు లాడోకి ఎద రావడానికి ఏదో మందు పొడిపించాడని నాకప్పుడే తెలిసింది.

నేను అత్త చెయ్యి పట్టుకుని గుంజాను. "అత్తా, ఇదేంటి? దానికి పాలపళ్ళే ఊడలేదు. వద్దని చెప్పు."

అత్త గొంతు సవరించుకుంది. "జిలే, కోడలేదో అంటోంది నాయనా. ఇంకొన్నాళ్ళు ఆగితే బాగుంటుందేమోనని."

బావగారు రామ్‌మెహర్‌నే చూస్తూ మాట్లాడాడు. నావైపు చూడకూడదు కదా. "పడ్డ ఎదలో ఉందా లేదా? ఉంది. ఎదలో ఉన్నదాన్ని ఖాళీగా ఉంచితే ఆ ఉసురు మనకి తగులుతుందని చెప్పమ్మా ఆవిడకి."

"ఎద రావడం వేరు, ఒళ్ళు రావడం వేరు. ఎద మందేసి తెప్పించారు. ఒళ్ళు ఏ మందేసి తెప్పిస్తారో అడుగు."

"ఒళ్ళు కాస్త తక్కువుందంటోంది," అంది అత్త.

"తక్కువని దేంతో కొలిచిందట? కళ్ళతోనా?" బావగారు నవ్వాడు. రామ్‌మెహర్ కూడా నవ్వాడు, ఆయన నవ్వాడు కాబట్టి. "ముసుగులోంచి చూస్తే అన్నీ చిన్నగానే కనపడతాయి."

నా చెయ్యి తలమీదికి వెళ్ళింది. కొలత నా నెత్తిమీదే ఉంది. పదిహేను ముడులతో, ఎర్ర దారంతో, ఎవరూ కాదనలేని కొలత. రెండడుగులు వేసి లాడో ఛాతీకి చుడితే గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. కానీ అది చుట్టాలంటే తీయాలి. తీస్తే బావగారి ముందు నా జుట్టు, నా ముఖం. ఓణీ అంచు పిడికిట్లో పట్టుకుని అలాగే నిలబడ్డాను. రామ్‌మెహర్ చేతికి పొడుగు తొడుగు తగిలించుకున్నాడు, గొట్టం గోరువెచ్చటి నీళ్ళలో ముంచి తీశాడు. లాడో తల తిప్పి నావైపు చూసింది. రెండు నిమిషాల పని, అయిపోయింది. ఆ రోజు నేను ఎవరినెవరిని తిట్టుకున్నానో లెక్కలేదు, అందరికన్నా ఎక్కువ నన్నే తిట్టుకున్నాను.

సత్బీర్‌కి ఫోన్ చేసి చెప్పాను. వెనక లారీల హారన్లు వినిపిస్తున్నాయి.

"అన్న చేశాడు కదా, ఆలోచించే చేసుంటాడు."

"ఆలోచించి చేశాడో, హుక్కా తాగి చేశాడో నీకెలా తెలుసు?"

"నాకు సిగ్నల్ సరిగ్గా లేదు," అని పెట్టేశాడు. ఆయన సిగ్నల్ సరిగ్గా అలాంటప్పుడే పోతుంది.

లాడో చూడి కట్టింది. నేను కట్టకూడదని కోరుకున్నాను, దేవుడు నా మాట కూడా అత్త ద్వారానే విన్నాడేమో. నాలుగు అమావాస్యలు వరసగా కొలిచాను. ముడి మీద ముడి పడింది, వేలెడు కూడా జరగలేదు. తిన్నదంతా లోపలికి పోతోంది. లోపల సూబేదార్ దూడ పెరుగుతోంది, బయట లాడో ఆగిపోయింది. దాని నడుం ఎముకలు అలాగే ఇరుగ్గా ఉన్నాయి, పొట్ట ఒక్కటే ఊరేగుతోంది.

బావగారికి ఆ పొట్టే కనపడింది. ఏడో నెల దాటగానే శనగలు నానబెట్టించాడు, పత్తిగింజల పిండి తెప్పించాడు, రోజూ అరకిలో నెయ్యి. నేను దాణా తగ్గించమన్నాను. ఆఖరి మూడు నెలల్లో అడ్డగోలుగా మేపితే లోపల దూడ బలుస్తుంది, బయటికి వచ్చే దారి బలవదు. ఇందులో తెలియనంత విశేషం ఏముంది?

"కోడలు దాణా కొంచెం తగ్గించమంటోంది," అంది అత్త.

"ఎందుకట? ఇంట్లో శనగలు తనే తింటుందటా?" అని, ఆ మర్నాటి నుంచి బకెట్ తనే పట్టుకొచ్చి పెట్టడం మొదలుపెట్టాడు. పదకొండేళ్ళలో ఆయన ఒక పశువుకి దాణా పెట్టడం అదే మొదటిసారి. ధర్మపాల్‌ని పిలిచి మరీ చూపించేవాడు.

ఇంకోమాట కూడా చెప్పేస్తాను, దాచుకుని ఏం చేసుకుంటాను. నా మొదటి కాన్పు పదిహేడో ఏట. బిడ్డ అడ్డం తిరిగింది. రెండు రోజులు ఇంట్లోనే ఉంచి, మూడోరోజు ట్రాక్టర్ ట్రాలీలో పట్నం తీసుకెళ్ళారు. బిడ్డ దక్కలేదు. అప్పుడు నడవాలో ఎవరో మగగొంతు అడగడం నాకు గుర్తుంది, 'ఒళ్ళు బాగానే ఉందిగా, ఏమయింది?' అని. తర్వాత నాలుగేళ్ళకు రీతూ పుట్టింది, ఇప్పుడు బడికి పోతోంది. ఆ మొదటిదానికి పేరు కూడా పెట్టలేదు. లాడో పొట్ట చూసినప్పుడల్లా నాకు ఆ ట్రాలీ కుదుపులు గుర్తొచ్చేవి.

కార్తీకం చివర్లో, ఒక ఉదయం తొమ్మిదింటికి లాడో నొప్పులు పడటం మొదలుపెట్టింది. ఉమ్మనీటి సంచి పగిలింది. ఒక గిట్ట బయటికి వచ్చింది, దాని పక్కన ముక్కు కొస. రెండో గిట్ట రాలేదు. పావుగంట చూశాను, అరగంట చూశాను. రెండో కాలు మోకాలి దగ్గర మడతపడి లోపలే ఇరుక్కుందని అర్థమైంది. అప్పటికే వాకిట్లో ఏడెనిమిదిమంది మగవాళ్ళు చేరిపోయారు. ఆడవాళ్ళం మేము గడ్డికొట్టం గోడ వెనక్కి పోవాల్సి వచ్చింది. పశువుల డాక్టర్ ఎక్కడో మీటింగ్‌లో ఉన్నాడట, సాయంత్రం వస్తానన్నాడట. రామ్‌మెహర్ వేరే ఊరు వెళ్ళాడు.

"అత్తా, ఒక కాలు లోపల మడిచి ఉంది. దాన్ని సరిచేయకుండా లాగకూడదు. ముందు దూడని వెనక్కి నెట్టాలి. వెళ్ళి చెప్పు."

అత్త వెళ్ళింది, వచ్చింది. "చెప్పాను. టీ పెట్టమన్నాడు."

"ఏమిటి?"

"ఎనిమిదిమందికి. అల్లం వేసి."

నేను టీ పెట్టాను. ఇది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ పెట్టాను. అల్లం దంచుతుంటే లాడో అరుపు వినిపించింది. మామూలుగా గేదె అరిచే అరుపు కాదది. గోడ పక్కనుంచి చూశాను. బయటికొచ్చిన ఆ ఒక్క గిట్టకి మోకు కట్టి నలుగురు లాగుతున్నారు. దూడ నాలుక బయటికొచ్చి నీలంగా ఉబ్బింది. లాడో పక్కకి పడిపోయి ఉంది, లాగినప్పుడల్లా దాని ఒళ్ళంతా నేలమీద ఈడ్చుకొస్తోంది.

"ఇలా రాదు జిలే," అన్నాడు ధర్మపాల్. "ట్రాక్టర్ పట్రానా?"

"పట్రా," అన్నాడు మా బావగారు.

ధర్మపాల్ ట్రాక్టర్ వచ్చింది. మోకు రెండో కొస దాని వెనక కొక్కేనికి కట్టారు. లాడోని రెండు గుంజలకి తాళ్ళతో బిగించారు. "అత్తా!" అన్నాను. అత్త నన్ను చూసింది, వాకిట్లోకి చూసింది, ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నా మాట ఎవడు వింటాడే," అంది. ఇంజను చప్పుడు మొదలైంది.

గడ్డికొట్టం చూరులో కొడవలి ఉంది. అది తీసుకుని నేను ఎప్పుడు వాకిట్లోకి వచ్చానో, ఎవరిని తోసుకుని వచ్చానో నాకు తెలియదు. మోకు మీద రెండు వేట్లు వేశాను, మూడోదానికి తెగింది. ట్రాక్టర్ గబుక్కున ముందుకి దూకి ఆగింది.

"ఆపు! దిగు దాని మీదనుంచి! నువ్వు తాడు వదులు! పచ్చి గొడ్డుని నడిమికి చీల్చేద్దామనుకున్నారా, సిగ్గులేని మగాళ్ళు!"

ఓణీ ఎక్కడ జారిందో జారి మెడలో వేలాడుతోంది. బావగారు మోకు ముక్క చేత్తో పట్టుకుని నన్ను ఎగాదిగా చూశాడు. నిజంగా అయోమయంగా చూశాడు.

"ఎవరమ్మా నువ్వు? ఎవరింటిదానివి?"

పదకొండేళ్ళు. ఆ మనిషికి రోజుకు రెండుపూటలా రొట్టెలు చేసి పెట్టాను.

"నీ ఇంటిదాన్నే," అన్నాను. "నీ తమ్ముడి పెళ్ళాన్ని. ఆవనూనె తెప్పించు. ఆ గుంజల తాళ్ళు విప్పు."

ఎవరో విప్పారు, ఎవరో నూనె తెచ్చారు. నేను మోచేయి పైదాకా నూనె పూసుకుని లాడో వెనక పడుకున్నాను. నొప్పికీ నొప్పికీ మధ్య దూడ నుదురు పట్టుకుని లోపలికి నెట్టాను. నెట్టిందంతా మళ్ళీ నొప్పి వచ్చి నా చెయ్యి నలిపేస్తూ బయటికి తోసేది. నాలుగోసారికి చోటు దొరికింది. మడతపడ్డ మోకాలు దొరికింది, దాని కింద గిట్ట. గిట్ట కొస లోపల చీరకుండా అరచేతిలో మూసి పట్టుకుని, మెల్లగా పైకి తెచ్చాను. అక్కడ పట్టు జారిపోతోంది. మోకు వేస్తే ఆ లేత కాలు తెగిపోతుంది. మెడలో ఓణీ లాగి, దాని కొస లోపలికి తీసుకెళ్ళి గిట్ట పైన ఉచ్చు వేశాను. అమ్మ కుట్టిన ఎర్ర దారం, నా ముడులు, అన్నీ లోపలికి పోయాయి. "నొప్పి వచ్చినప్పుడు మాత్రమే లాగు, కిందికి," అని ధర్మపాల్‌కి ఓణీ కొస ఇచ్చాను. వాడు కిక్కురుమనకుండా నేను చెప్పినట్టే లాగాడు.

దూడ బయటపడింది. పెయ్య. ఎంత పెద్దదంటే దాన్ని చూసి మగవాళ్ళు 'అబ్బో' అన్నారు. నోట్లో వేలు పెట్టి శుభ్రం చేశాను, ముక్కులో గడ్డిపుల్ల పెట్టాను, వెనక్కాళ్ళు పట్టుకుని తలకిందులుగా ఊపాను. అది ఊపిరి తీయలేదు. తాడు కట్టి లాగిన రెండు గంటల్లో ఎప్పుడో పోయింది. లాడో మెడ చాచి దాన్ని నాకడం మొదలుపెట్టింది. నాకుతూనే ఉంది. అది కదలదని దానికెవరు చెప్తారు.

"సూబేదార్ దూడంటే సూబేదార్ దూడే," అన్నాడెవడో వెనకనుంచి. "నలభైఐదు కిలోలుంటుంది." ఆ గొంతెవరిదో తెలిస్తే వాడి నోట్లో కూడా గడ్డిపుల్ల పెట్టి ఉండేదాన్ని.

లాడో మూడు రోజులు లేవలేదు. వెనక్కాళ్ళు నరాలు నలిగి పట్టుతప్పాయి. కింద గడ్డి మందంగా పరిచి, పూటకు నాలుగుసార్లు ఇటు నుంచి అటు తిప్పాను. అత్త వచ్చి తను కూడా ఒక పక్క పట్టేది. డాక్టర్ వచ్చి సీసాలు ఎక్కించాడు, కుట్లు వేశాడు. "కాలు సరిచేసిందెవరు?" అని అడిగాడు. బావగారు ఆయనకి టీ పెట్టించమని అత్తకి చెప్పాడు. నాలుగోరోజు లాడో ముందుకాళ్ళ మీద లేచి, వణుకుతూ వెనక్కాళ్ళు కూడా నిలబెట్టింది. నేను దాని మెడ పట్టుకుని ఏడ్చాను.

ఊరికి మాత్రం లాడో సంగతి అక్కర్లేదు. 'జిలే సింగ్ తమ్ముడి పెళ్ళాం నలుగురు మగాళ్ళ ముందు తల విప్పుకుని అరిచిందట, బావగారిని నువ్వు అందట' అదొక్కటే మాట. బావి దగ్గర, బడి దగ్గర, పిండిమర దగ్గర అదే. చచ్చిన దూడ గురించి అడిగిన మనిషి లేడు, బతికిన పడ్డ గురించి అడిగిన మనిషి లేడు. బావగారు ఇంట్లోకి రావడం మానేశాడు. బయట అరుగుమీదే మంచం వేసుకున్నాడు, రొట్టెలు అత్త చేత పంపించుకుని తింటున్నాడు. రొట్టెలు నావే. వాటిమీద అలక లేదు.

సత్బీర్ ఫోన్ చేశాడు. ఈసారి సిగ్నల్ చాలా బాగుంది. "అన్నయ్య కాళ్ళకి దణ్ణం పెట్టి తప్పయిందను. అంతటితో అయిపోతుంది."

"ఏ తప్పు? మోకు తెగ్గొట్టడమా, ఆయన నన్ను గుర్తుపట్టకపోవడమా?"

"ముఖం చూపించావు కదే."

"నా ముఖానికేమయింది? నువ్వు చూస్తూనే ఉన్నావుగా, కళ్ళు పోయాయా?"

ఆయన మాట మార్చి, "లాడో మేస్తోందా?" అని అడిగాడు. ఆ ఒక్క మాటకే నేను ఫోన్ విసిరికొట్టకుండా ఆగాను.

ఓణీ నాలుగుసార్లు ఉతికాను. నెత్తురు మరక పోలేదు, ఎర్ర దారం చుట్టూ గోధుమరంగులో అలాగే ఉండిపోయింది. అత్త కొత్తది కొనిస్తానంది. వద్దన్నాను. అదే మళ్ళీ కప్పుకున్నాను, ముసుగు కూడా మళ్ళీ దించాను. అత్త బతిమాలింది, రీతూ బడిలో పిల్లలు ఏడిపిస్తున్నారంది. దించుకున్నాను. కోపం తగ్గి కాదు.

డెబ్భై రోజులు గడిచాయి. మళ్ళీ మాఘం, మళ్ళీ పొగమంచు. నేను పొయ్యి దగ్గర పిండి కలుపుతున్నాను. వాకిట్లో మోటారుసైకిలు ఆగింది. రామ్‌మెహర్ డబ్బా దించుతున్నాడు. లాడో మళ్ళీ ఎదకొచ్చి పొద్దున్నుంచి తీగలు వేస్తోంది, ఈసారి ఏ మందూ లేకుండానే. నాకు తెలుసు. అరుగుమీది మనిషికి కూడా తెలిసిపోయింది.

నేను పిండిచేతులతోనే బయటికి వచ్చాను. "అత్తా, వద్దని చెప్పు."

బావగారు మంచం మీద నుంచే గోడకి చెప్పాడు. "అమ్మా, రెండు పళ్ళు వచ్చాయి కదా. నేనే నోరు తెరిచి చూశాను. పాలపళ్ళు ఊడలేదని కదా అప్పుడు గోల చేసింది? ఇప్పుడేంటట?"

అంటే విన్నాడన్నమాట. ఏడాది కిందట నేను అన్న మాట ఒక్క అక్షరం పోకుండా విన్నాడు, గుర్తుపెట్టుకున్నాడు. విని కూడా, తెలిసి కూడా ఆ రోజు గొట్టం వేయించాడు. ఇన్నేళ్ళూ నా మాట అత్త నోట్లో నానిపోయి పాడవుతోందనుకున్నాను. నా మాట ఆయనకి చక్కగానే చేరుతోంది. నా కళ్ళ ముందు ఆ నీలం నాలుక కదిలింది.

తలమీది ఓణీ తీశాను. ఈసారి జారలేదు, నేనే తీశాను. లాడో దగ్గరికి వెళ్ళి ముందుకాళ్ళ వెనకనుంచి ఛాతీ చుట్టూ చుట్టాను. బిగించలేదు, వదులు చేయలేదు, అమ్మ ఎలా చుట్టేదో అలా. అత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బావగారు గబుక్కున ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

"దేంతో కొలిచానని అడిగారు కదా బావగారూ, పోయిన మాఘంలో. ఇదిగో దీంతో. ఇటు తిరిగి చూడండి."

ఆయన తిరగలేదు.

"సరే. రామ్‌మెహర్, నువ్వు రా. అంచుకీ ఎర్ర దారానికీ మధ్య ఎంతుంది?"

రామ్‌మెహర్ అరుగువైపు ఒకసారి చూశాడు, నావైపు ఒకసారి చూశాడు. వంగి వేళ్ళు పెట్టాడు. "ఆరు వేళ్ళు వదినా," అన్నాడు మెల్లగా.

"గట్టిగా చెప్పు. గోడవైపు తిరిగున్నాయనకి వినపడాలి."

"ఆరు వేళ్ళు తక్కువుంది, పెద్దాయనా!" అని అరిచి, ఎవరూ చెప్పకుండానే డబ్బా మూత బిగించాడు.

బావగారు గోడనే చూస్తూ, "అమ్మా," అన్నాడు చివరికి, "మరి ఎప్పటికొస్తుందో అడుగు."

అత్త నావైపు తిరిగి నోరు తెరిచింది.

"నువ్వాగు అత్తా. ఇన్నాళ్ళూ మోశావు, చాలు," అన్నాను. "బావగారూ, నన్నడగండి. నేనిక్కడే ఉన్నాను."

ఆయన భుజాలు బిగుసుకున్నాయి. హుక్కా గొట్టం పట్టుకున్న చెయ్యి పైకి లేచి మళ్ళీ మోకాలి మీద పడింది. నేను కదలలేదు. రామ్‌మెహర్ కూడా వెళ్ళకుండా బండి పట్టుకుని నిలబడ్డాడు.

"ఎప్పటికి?" అని అడిగాడు జిలే సింగ్, గోడని.

"దసరా అయ్యాక. అప్పుడు మళ్ళీ కొలుస్తాను, మీ ముందే. దారం తాకితే కబురు నేనే పంపుతాను, మీరు పంపొద్దు."

ఓణీ విప్పబోయాను. లాడో వీపుమీద మంచు పట్టి ఉంది, చలికి చర్మం అదురుతోంది. విప్పినదాన్ని అలాగే దాని వీపుమీద పరిచాను. ఉత్త తలతో పొయ్యి దగ్గరికి వచ్చి పిండి మళ్ళీ కలపడం మొదలుపెట్టాను. అత్త అలవాటుగా పళ్ళెం పట్టుకుని వచ్చింది, అరుగుమీదికి తీసుకెళ్ళడానికి.

"పళ్ళెం అక్కడ పెట్టు అత్తా," అన్నాను. "ఆకలేస్తే లోపలికి వచ్చి తినమను. రొట్టె ఎవరు చేస్తున్నారో ఈసారి చూసుకుని తింటాడు."